అమ్మ ఇల్లు అమ్మాలంటే: 1872 నాటి ఒక లైను

తొంభైల్లోనూ, రెండువేల తొలి ఏళ్ళలోనూ విమానాలెక్కిన మన తరానికి ఇప్పుడు ఇంకో పరీక్ష మొదలైంది. వీసాలు, గ్రీన్ కార్డులు, పిల్లల కాలేజీలు ఒక పక్క. ఇంకో పక్క విజయవాడలోనో, వరంగల్లోనో, రాజమండ్రిలోనో నాన్న కట్టించిన ఇల్లు, అందులో ఇక ఒంటరిగా ఉండలేని అమ్మ. ఆమెని చూసుకోడానికి మనిషి కావాలి, ఆసుపత్రి ఖర్చులు పెరుగుతున్నాయి. ఇల్లు ఆమె పేరునే ఉంది కాబట్టి అది అమ్మి ఆమె కోసమే ఖర్చు పెడదాం అని ఇంట్లో మాట వస్తుంది. "నువ్వు పదేపదే రానక్కర్లేదురా, అమ్మ చేత ఒక జీపీఏ రాయించుకో చాలు" అని మావయ్యో, బాబాయో భరోసా ఇస్తారు.

జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. "నా తరఫున ఫలానావాడు సంతకం పెడితే నేను పెట్టినట్టే" అని రాసిచ్చే కాగితం. అంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అమ్మకి తెలివి ఉన్నంత వరకే ఆ కాగితం బతుకుతుంది. అల్జీమర్స్ ముదిరి ఆమె మనల్ని గుర్తుపట్టలేని రోజున, అంటే సరిగ్గా ఆ కాగితంతో మనకి అవసరం పడ్డ రోజున, చట్టం దృష్టిలో అది చెల్లకుండా పోతుంది. వాన పడగానే ముడుచుకుపోయే గొడుగన్నమాట.

ఇది ఏ డాక్యుమెంట్ రైటరో సరిగ్గా రాయకపోవడం వల్ల వచ్చింది కాదు. చట్టమే అలా ఉంది. ఎందుకలా ఉంది, మనం ఉద్యోగాలు చేస్తున్న దేశాలు దాన్ని ఎప్పుడు మార్చుకున్నాయి, మనదేశంలో ఎందుకు మారలేదు - ఈ కథ కొంచెం పాతది. ఓపిగ్గా చదవండి.

ముఖ్తార్ నుంచి అటార్నీ దాకా

ఒకరి తరఫున ఇంకొకరు వ్యవహారం చూడటం మనకి ఇంగ్లీషువాళ్ళు నేర్పిన విద్యేమీ కాదు. ముఖ్తార్ అనే మాట అరబీ నుంచి పారశీకం మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. ఎంచుకోబడ్డవాడు అని దాని అర్థం. అలా ఎంచుకున్నట్టు రాసిచ్చే పత్రం ముఖ్తార్‌నామా. కంపెనీ రోజుల్లో మద్రాసు, కలకత్తాల్లో ఏజెన్సీ హౌసులని ఉండేవి. ఇక్కడ సంపాదించిన డబ్బు ఇక్కడే వదిలి సొంతూరికి వెళ్ళిపోయిన ఇంగ్లీషు ఉద్యోగుల లెక్కలు, వ్యవహారాలు అవి చూసేవి. సముద్రం దాటి వెళ్ళినవాడు, వెనక ఉండిపోయిన ఆస్తి - ఇవాళ మన పరిస్థితికి అది అద్దంలో బొమ్మలా ఉంటుంది. కాకపోతే దిక్కులు తారుమారు.

దీనికంతటికీ ఒక పద్ధతి పెడుతూ వచ్చినవి రెండు చట్టాలు. 1872లో ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, 1882లో పవర్స్ ఆఫ్ అటార్నీ యాక్ట్. రెండోది మరీ చిన్నది, ఐదారు సెక్షన్లే. అంతకు ముందు ఏడాది ఇంగ్లండులో వచ్చిన ఆస్తి బదిలీల చట్టం నుంచి కొన్ని సెక్షన్లు తెచ్చి పెట్టుకున్నారు. అందులో ఒక సెక్షను ప్రకారం పెళ్ళైన స్త్రీ కూడా, పెళ్ళికానిదాన్ని చూసినట్టే చూసి, తన తరఫున ఒకరిని నియమించుకోవచ్చు. 1882లో అది చిన్న విషయం కాదు.

మనకి సంబంధించిన లైను మాత్రం 1872 చట్టం 201వ సెక్షన్లో ఉంది. ఏజెన్సీ ఎప్పుడెప్పుడు ముగుస్తుందో అక్కడ జాబితా ఇచ్చారు. అప్పగించినవాడు వెనక్కి తీసుకుంటే ముగుస్తుంది. ఏజెంటు వద్దనుకుంటే ముగుస్తుంది. పని పూర్తయితే ముగుస్తుంది. అప్పగించినవాడు దివాలా తీస్తే ముగుస్తుంది. ఇద్దరిలో ఎవరైనా చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ముగుస్తుంది. ఆ చివరి మాటే మన గొడుగుని ముడిచేది.

దాని వెనక తర్కం లేకపోలేదు. ఏజెంటు అంటే సొంత బుర్ర ఉన్న మనిషి కాదు, యజమాని చెయ్యి కిందే లెక్క. అసలు మనిషి తాను చెయ్యగలిగిన పనినే ఇంకొకరికి అప్పగించగలడు. ఆయనకే ఒప్పందం చేసుకునే తెలివి లేనప్పుడు ఆయన చెయ్యికి ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా ఇంకో లాభం ఉంది. మతి ఉన్న మనిషి అనుమానం వస్తే అప్పగించిన అధికారాన్ని ఆ రోజే వెనక్కి తీసుకోగలడు. మతి లేని మనిషి తీసుకోలేడు. కాబట్టి ఆయన్ని కాపాడాలంటే కాగితమే చచ్చిపోవాలి.

ఇంగ్లండు కోర్టులూ అదే దారిలో నడిచాయి. 1879లో డ్రూ వర్సెస్ నన్ అనే కేసు వచ్చింది. ఒకాయన తన భార్యకి తన పేరు మీద సరుకులు కొనే వీలిచ్చాడు. తర్వాత ఆయనకి మతి చెడింది. ఆ సంగతి తెలియని వ్యాపారి దగ్గర ఆవిడ అప్పు మీద సరుకులు కొన్నది. ఆయన కోలుకున్నాక వ్యాపారి బాకీ అడిగాడు. మతి చెడగానే భార్యకిచ్చిన అధికారం ముగిసింది, కానీ ఆ సంగతి తెలియని వ్యాపారి నష్టపోకూడదు, బాకీ కట్టాల్సిందే అని కోర్టు చెప్పింది. మన 1872 చట్టంలోనూ 208వ సెక్షను ఇలాంటిదే: అధికారం ముగిసిందని తెలియనంత వరకు మూడో మనిషికి అది ముగియనట్టే. ఐతే ఇల్లు కొనేవాడు కిరాణా సరుకులమ్మే వ్యాపారి కాదు కదా. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు మంచం మీద ఉన్న అమ్మనీ చూస్తాడు. నాకు తెలియదు అని తర్వాత చెప్పడం అంత తేలిక కాదు.

రిజిస్ట్రాఫీసులో మనిషి

ఇక రెండో గుమ్మం రిజిస్ట్రేషను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మనిషి ఎదురుగా ఉండాలంటుంది. రాలేకపోతే అతని తరఫున పవర్ ఉన్నవాడు రావచ్చు, కానీ ఆ పవర్ ఎలా పుట్టిందో కూడా చూస్తుంది. 33వ సెక్షను ప్రకారం ఇండియాలో ఉండేవాళ్ళు తమ ప్రాంతపు రిజిస్ట్రారు లేదా సబ్ రిజిస్ట్రారు ముందు దాన్ని రాసివ్వాలి. బయటి దేశంలో ఉండేవాళ్ళు నోటరీ ముందో, కోర్టు ముందో, ఇండియన్ కాన్సలేటులోనో సంతకం పెట్టాలి. అమ్మ మన దగ్గరే డల్లస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటున్నట్టైతే మనకి వర్తించేది ఈ రెండోది. అలా బయట సంతకమై వచ్చిన కాగితానికి, ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టుకోవచ్చని 1899 స్టాంపు చట్టం 18వ సెక్షను చెబుతుంది. ఆ మూడు నెలల గడువు మర్చిపోకండి.

మంచం దిగలేని వాళ్ళ కోసం ఆ 1908 చట్టంలోనే ఒక దయ ఉంది. సరైన కారణం చూపిస్తే సబ్ రిజిస్ట్రారే ఇంటికి రావచ్చు. ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. దానికి ఫీజు ఉంటుంది. నడవలేకపోవడం అడ్డంకి కాదన్నమాట. అడ్డంకి వేరే చోట ఉంది. 35వ సెక్షను ప్రకారం ఎదుటనున్న మనిషి మైనరుగానో, మతి లేనివాడిగానో అధికారికి కనిపిస్తే రిజిస్ట్రేషను నిరాకరించాలి. అక్కడ చట్టం వాడిన ఇంగ్లీషు మాటలు ఇడియట్, లూనాటిక్. మన అమ్మల గురించి అలాంటి మాటలు చదవడం కష్టంగానే ఉంటుంది.

తర్వాత చాలా మారింది. 1998లో మన ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ ప్రాజెక్టు వచ్చి రిజిస్ట్రాఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది. చేత్తో రాసే దస్తావేజు నకళ్ళ స్థానంలో స్కానింగు వచ్చింది. ఆ రోజుల్లో దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. 2001 సవరణతో ఫోటోలు, వేలిముద్రలు తప్పనిసరయ్యాయి. 2005లో ఇండియా అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఇవన్నీ ఒకే ప్రశ్నకి జవాబు చెబుతాయి: సంతకం పెట్టింది ఈ మనిషేనా? ఆ మనిషికి తానేం చేస్తోందో తెలుసా అన్న ప్రశ్నకి ఏ స్కానరూ జవాబివ్వదు. చాలాచోట్ల జీపీఏ మీద అమ్మకం రిజిస్టరు చేసేటప్పుడు, రాసిచ్చినవారు బతికే ఉన్నారని రాసివ్వమంటారు. తెలివిలో ఉన్నారా అని అడగరు. చట్టం రెంటినీ ఒకే వాక్యంలో పెట్టింది, ఆఫీసు ఒకటే అడుగుతోంది.

1954లో వర్జీనియా ఏం చేసింది

ఇంగ్లీషు పద్ధతి చట్టాలున్న దేశాలన్నిటికీ ఈ తలనొప్పి ఉండేది. మనుషులు ఎక్కువ కాలం బతకడం మొదలయ్యాక అది పెద్దదైంది. మతి తప్పిన మనిషి ఆస్తిని చూడాలంటే కోర్టుకెళ్ళి సంరక్షకుణ్ణి వేయించుకోవాలి. అది ఖరీదు, ఆలస్యం. మామూలు ఉద్యోగి ఇంటికి అంత తతంగం మోయలేని బరువు.

దీన్ని మొదట తేల్చింది అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, 1954లో. వాళ్ళు చేసింది చాలా సింపుల్. నాకు మతి తప్పినా ఈ అధికారం కొనసాగాలి అని రాసిచ్చే మనిషే ఆ కాగితంలో రాస్తే, అది కొనసాగుతుందని చట్టం చేశారు. దాన్నే డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటున్నారు. 1979లో దాని మీద ఒక నమూనా చట్టం తయారైంది, క్రమంగా అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో తెచ్చుకున్నాయి. అమెరికాలో మీరు విల్లు రాయించుకోడానికి వెళ్తే లాయరు పక్కన పెట్టి సంతకం పెట్టించే కాగితాల్లో ఇదొకటి.

ఇంగ్లండుకి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1983లో అక్కడి లా కమిషన్ దీని మీద నివేదిక ఇచ్చింది, 1985లో ఎండ్యూరింగ్ పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం వచ్చింది, 1986 మార్చి నుంచి అమలైంది. ఐతే కథ అక్కడ ఆగలేదు. ఆ అధికారం దుర్వినియోగం అవుతోందన్న ఆందోళన పెరిగింది. ఎవరు చేస్తారంటారు? పరాయివాళ్ళు కాదు, ఆ అధికారం చేతిలో ఉన్న సొంత మనుషులే. అందుకే 2005లో మెంటల్ కెపాసిటీ యాక్ట్ చేసి, 2007 అక్టోబరు నుంచి లాస్టింగ్ పవర్ అనే కొత్త పద్ధతి పెట్టారు. ఇందులో ఆ పెద్దమనిషికి విషయం అర్థమైందని, ఎవరి బలవంతమూ లేదని వేరే మనిషి ధ్రువీకరించాలి. వాడే ముందే దాన్ని రిజిస్టరు చేయించాలి. సింగపూరు కూడా 2008 చట్టంతో ఇలాంటిదే తెచ్చుకుంది.

అంటే తొలి వెర్షన్లో గొడుగు ముడుచుకుపోకుండా చూశారు. రెండో వెర్షన్లో ఆ గొడుగుతో ఎవరూ పెద్దావిడని కొట్టకుండా చూశారు. రెండూ కావలసినవే.

మన దగ్గర ఏమైంది

మనం మొదటి వెర్షను కూడా రాసుకోలేదు. 201వ సెక్షన్లోని ఆ మాట 1872 నుంచి అలాగే ఉంది. అమెరికా నమూనా నుంచి "మతి తప్పినా ఇది చెల్లుతుంది" అన్న వాక్యం కాపీ చేసి మన జీపీఏలో పెట్టేవాళ్ళు ఉన్నారు. కానీ అక్కడ ఆ వాక్యానికి బలమిచ్చింది చట్టం. మన చట్టంలో అలాంటి సెక్షను లేదు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, రెండో దారి మనకి ఒకప్పుడు ఉండి, పోయింది. మతి తప్పినవాళ్ళ ఆస్తిని కోర్టు ద్వారా చూసే ఏర్పాటు 1858 చట్టాల్లోనే ఉంది. 1912 లూనసీ చట్టం దాన్ని కొనసాగించింది. 1987 మెంటల్ హెల్త్ యాక్టులో దానికి ఒక అధ్యాయమే ఉంది. జిల్లా కోర్టు విచారణ జరిపి ఆస్తికి మేనేజరుని నియమించవచ్చు, అతను ఇల్లు అమ్మాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. 2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ ఆ 1987 చట్టాన్ని రద్దు చేసింది. రోగి హక్కుల విషయంలో కొత్త చట్టం ఎంతో మెరుగు. కానీ ఆస్తి గురించిన ఆ అధ్యాయం కొత్త దాంట్లోకి రాలేదు. మైగ్రేషన్లో ఒక టేబుల్ వదిలేసి పాత సర్వరు ఆపేసినట్టు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివాటికే, వృద్ధుల మతిమరుపు జబ్బులు దాని జాబితాలో లేవు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత సంరక్షకుడు అనే ఏర్పాటు ఉంది, కానీ అది ఒక ప్రత్యేక నిర్ణయానికి, కొంత కాలానికి ఇచ్చే సహాయం.

అందుకని కుటుంబాలు హైకోర్టు తలుపు తడుతున్నాయి, రిట్ పిటిషన్లతో. 2019లో కేరళ హైకోర్టు, కోమాలో ఉన్నవాళ్ళకి సంరక్షకుణ్ణి నియమించే చట్టమే లేదని గుర్తించి, చట్టం వచ్చేదాకా పాటించమని తనే మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యుల బృందం పరీక్షించాలి, రెవెన్యూ అధికారి వెళ్ళి చూడాలి, వారసులందరి సంగతీ తెలియాలి, సంరక్షకుడు ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలి. 2024లో మద్రాసు హైకోర్టు ముందుకి ఇంకో కేసు వచ్చింది. భర్త కోమాలో ఉన్నాడు, వైద్యానికి ఆయన ఆస్తి అమ్మాలి. సింగిల్ జడ్జి సివిల్ కోర్టుకి వెళ్ళమన్నారు. అప్పీలులో ఇద్దరు జడ్జీల బెంచి భార్యనే సంరక్షకురాలిగా వేసి అమ్మకానికి ఒప్పుకుంది. ఐతే వచ్చినదాంట్లో 50 లక్షలు భర్త పేరునే ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలని, వడ్డీ వాడుకోవచ్చని షరతు పెట్టింది.

ఆ షరతు చాలా మంచిదని నా అభిప్రాయం. ఇల్లు ఎవరిదో డబ్బూ వాళ్ళదే, వాళ్ళు బతికున్నంత కాలం.

మధ్యలో జీపీఏకి చెడ్డపేరు వచ్చిన కథ కూడా చెప్పాలి. స్టాంపు డ్యూటీ తప్పించుకోడానికి అగ్రిమెంటు, జీపీఏ, విల్లు కలిపి ఇళ్ళు అమ్మేయడం దేశమంతా అలవాటైంది. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీం కోర్టు ఆ పద్ధతిలో హక్కు బదిలీ కాదని తేల్చింది. ఆ తీర్పు వచ్చాక "జీపీఏలే చెల్లవట" అని చాలామంది కంగారు పడ్డారు. నిజానికి అదే తీర్పు, భార్యకో, భర్తకో, కొడుకుకో, కూతురికో, తోబుట్టువులకో, బంధువులకో తమ వ్యవహారాలు చూడమని, సేల్ డీడ్ రాయమని ఇచ్చే నిజమైన పవర్లకి ఇబ్బంది లేదని స్పష్టంగా చెప్పింది. మనలాంటివాళ్ళ దారి మూయలేదు. మతి తప్పితే ఏమిటన్న ప్రశ్న ఆ కేసులో లేదు.

వేలిముద్ర

చట్టం ఇలా ఉంటే జనం ఏం చేస్తారు? ఎప్పుడూ చేసేదే. చెప్పకుండా కానిచ్చేస్తారు. మా ఆఫీసులో ఒకతను చెప్పిన మాట నాకు మర్చిపోవడం కష్టంగా ఉంది. వాళ్ళ ఊళ్ళో బంధువుల ఇంట్లో ఒక పెద్దావిడకి మతి పూర్తిగా పోయింది. ఇల్లు అమ్మే రోజున కాగితం కింద బొటనవేలు పట్టుకుని అద్దించారు. "ఎందుకు నాయనా, రేషన్ కార్డుకా?" అని అడిగిందట ఆవిడ. ఔనమ్మా అన్నారట. డబ్బు ఆవిడ వైద్యానికే ఖర్చయింది, ఎవరూ తినలేదు. ఐనా ఆ "ఔనమ్మా" సంగతి ఏం చేస్తాం?

నన్నడిగితే మన చట్టం పెట్టిన అసలు ఖర్చు అది. మంచివాళ్ళ చేత కూడా అబద్ధం ఆడిస్తుంది. చెడ్డవాడికీ, మంచివాడికీ ఒకే దొంగదారి మిగులుస్తుంది, ఆ దారిలో వెళ్తున్నవాళ్ళలో ఎవరు ఎవరో బయటికి తెలియదు. 201వ సెక్షను ఆమెని కాపాడటానికి పుట్టింది. సరైన ప్రత్యామ్నాయం పక్కన లేకపోవడం వల్ల ఇప్పుడు ఆమెకే రక్షణ లేకుండా చేస్తోంది. మార్చాలంటే ఇంగ్లండు మొదటి వెర్షను కాపీ కొడితే చాలదు, రెండోదాని కాపలాలతో సహా తేవాలి.

చట్టం మారేదాకా ఏం చెయ్యగలం? నేను లాయర్ని కాను, మీ కాగితాలు లాయరుకి చూపించుకోండి. కానీ ఈ చరిత్రంతా చదివాక నాకు అర్థమైనవి ఇవి. అమ్మకి తెలివి ఉన్నప్పుడే, అమ్మాలనుకుంటే ఆమె చేతే అమ్మించడం అన్నిటికన్నా గట్టి దారి. సబ్ రిజిస్ట్రారు ఇంటికొస్తాడు, అదే వారంలో డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ పక్కన ఉంచుకోండి. కాంట్రాక్ట్ యాక్ట్ 12వ సెక్షను ప్రకారం మతి వచ్చిపోతూ ఉండే మనిషి, మతి ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. మొదటి దశలో ఉన్నవాళ్ళని "ఇంక ఐపోయింది" అని పక్కన పెట్టనక్కర్లేదు.

ఆమె సంతకం పెట్టగలిగినప్పుడే ట్రస్టు రాసి ఇల్లు దానికి బదిలీ చేస్తే, తర్వాత మతి తప్పినా ట్రస్టు ఆగదు. స్టాంపు ఖర్చులు చూసుకోవాలి. పిల్లల పేరున గిఫ్టు రాయించడం తేలికే కానీ, రాయించుకున్నాక చూడని పిల్లలు ఎంతమంది ఉంటే 2007లో వృద్ధుల సంరక్షణ చట్టంలో ఆ గిఫ్టుని రద్దు చేసే 23వ సెక్షను పెట్టాల్సి వచ్చిందో ఆలోచించండి. ఇక జీపీఏ తీసుకుంటే, దాన్ని పదేళ్ళ భరోసాగా దాచుకోకండి. అది ఆమె తెలివితో పాటే ముగుస్తుంది.

అన్నిటికన్నా ముందు అడగాల్సిన మాట ఒకటుంది, మనం వీడియో కాల్లో బీపీ, షుగరు అడుగుతాం కానీ అది అడగం: "అమ్మా, ఈ ఇల్లు ఏం చెయ్యాలని నీకుంది?" ఆమె వద్దంటే వద్దనే అర్థం. అమ్మమంటే ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండాలో, తను ఎక్కడ ఉండాలనుకుంటోందో కూడా ఆమే చెప్పాలి. ఆ జవాబుని రాసిపెట్టుకోండి, తోబుట్టువులందరూ విన్నప్పుడు. రేపు కోర్టులో దాని విలువ ఎంతైనా కానివ్వండి, ఆమె వేలు పట్టుకోవాల్సిన రోజు వస్తే మనకి తెలిసి ఉంటుంది, ఆ పని ఆమెదా మనదా అని.